ప్రాచీన అరబ్బీ ప్రేమ కవితల్లో గుండెను చదవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

అరబ్బీ ప్రేమ కవితలను అనువాదంలో చదవడం మొదలుపెట్టినవాళ్లకు నాలుగు పేజీలు తిప్పేసరికి విసుగొస్తుంది. ఎక్కడ చూసినా గుండె మండుతోంది, గుండె పగిలింది, గుండె చేజారింది. సినిమా పాటల్లో వినీ వినీ అరిగిపోయిన మాటలే కదా, దీనికింత పేరెందుకు అనిపిస్తుంది. నిజానికి గుండె కనబడగానే "అంటే ప్రేమ" అనుకుని మనం ముందుకు పోతాం, చిక్కంతా అక్కడే ఉంది. ఆ కవులు గుండెను ప్రేమకు గుర్తుగా వాడి వదిలేయలేదు. దాన్ని ఒక వస్తువుగానో, పిట్టగానో, ఖైదీగానో, ఇల్లుగానో పట్టుకుని దానికి ఏదో ఒకటి జరిగేలా చేశారు. ఏం జరుగుతోంది, ఆ పని ఎవరి బతుకులోంచి వచ్చింది అని అడిగితే పద్యం తెరుచుకుంటుంది. కింద చెప్పేదంతా ఆ ప్రశ్న వేయడం ఎలాగనే.

అరబ్బీ రాకపోయినా ఫర్వాలేదు. ఒకే పద్యానికి రెండు వేర్వేరు అనువాదాలు, ఒక పెన్సిలు, కాస్త ఓపిక ఉంటే చాలు.

1. ముందు కాలం, ఊరు చూసుకోండి

ఇక్కడ "ప్రాచీన" అన్నది సుమారు 700 ఏళ్ల కవిత్వం. 6వ శతాబ్దపు ఇమ్రుల్ ఖైస్ ఎడారి తెగల కవి. 7వ శతాబ్దంలో పశ్చిమ అరేబియాలోని హిజాజ్ ప్రాంతపు ఉజ్రా తెగవాళ్లు "ప్రేమిస్తే చచ్చిపోతారు" అని పేరు మోశారు. 8, 9 శతాబ్దాల్లో కవిత్వం బస్రా, బాగ్దాద్ నగరాలకు చేరింది. 10వ శతాబ్దంలో అలెప్పో దర్బారు, 11లో స్పెయిన్‌లోని కొర్దోబా, 13లో మక్కా, డమాస్కస్, కైరో. ఎడారి కవి గుండెకు వేటగాడి ఉచ్చు తగులుకుంటే, బాగ్దాద్ కవి గుండె ఇంట్లోనే ఉండి ఎదురు తిరుగుతుంది. పద్యం పక్కన ముందుగా శతాబ్దం, ఊరు రాసుకోండి.

రూపం గురించి ఒక్క మాట. ఈ కవితల్లో ప్రతి పాదం, అంటే "బైత్", రెండు సగాలుగా ఉంటుంది. కవిత మొత్తానికి ఒకటే అంత్యప్రాస. చాలా బైతులు విడిగా తీసినా నిలబడతాయి కాబట్టి ఒక్క బైత్ మీద అరగంట కూర్చున్నా తప్పు లేదు. ఖసీదాలనే పొడవైన కవితలు తరచుగా ప్రియురాలి తెగ డేరాలు ఎత్తేసి వెళ్లిపోయిన చోటు దగ్గర కవి ఆగి ఏడవడంతో మొదలవుతాయి. దీన్ని గుర్తుపెట్టుకోండి, గుండెను ఇల్లుగా చూపే పద్యాలకు ఇదే పునాది.

2. అది ఏ అవయవమో తేల్చండి

అనువాదంలో గుండె అని ఉన్నచోట మూలంలో గుండె లేకపోవచ్చు. ఖల్బ్, ఫుఆద్ అనేవి రెండూ గుండే. కబిద్ మాత్రం కాలేయం. జవానిహ్, దులూ అంటే పక్కటెముకలు. షగాఫ్ అంటే గుండె చుట్టూ ఉండే పొర. ఖురాన్‌లో యూసుఫ్ అధ్యాయం 30వ వాక్యంలో, యూసుఫ్ మీద ప్రేమ ఆ పెద్దింటావిడ గుండె పొరను చీల్చుకుని లోపలికి పోయిందని ఊరి ఆడవాళ్లు చెప్పుకునే మాట ఈ చివరి పదంలోంచే వచ్చింది. చాలామంది అనువాదకులు వీటన్నిటినీ కలిపి "గుండె" చేసేస్తారు.

మనకిది కొత్తేమీ కాదు. అమ్మ ప్రేమ కడుపు తీపి, అన్యాయం చూస్తే కడుపు మంట, రక్తసంబంధం పేగు బంధం, భయమేస్తే గుండె జారడం. బాధను ఒంట్లో తలా ఒక చోట పంచిపెట్టడం తెలుగుకు అలవాటే. ఉర్దూ గజళ్లలో దిల్ (గుండె) పక్కనే జిగర్ (కాలేయం) ఎందుకుంటుందో హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అవయవం మారితే బొమ్మ మారుతుందనడానికి ఉర్వా ఇబ్న్ హిజామ్‌ను చూడండి. ఇతనిది ఉజ్రా తెగ. కథ ప్రకారం బాబాయి కూతురు అఫ్రా కోసం కన్యాశుల్కం కూడబెట్టడానికి ఊరు విడిచి వెళ్తే, ఈలోగా ఆమెను వేరొకరికిచ్చి చేసేశారు. అతని పద్యంలో అరేబియాలోని యమామా, నజ్ద్ ప్రాంతాల వైద్యులిద్దర్నీ పిలిచి, నయం చేస్తే అడిగినంత ఇస్తానంటాడు. వాళ్లు చూసి ఏమన్నారంటే: "దేవుడే నిన్ను బాగుచేయాలి. నీ పక్కటెముకలు దాచుకున్నదాని మీద మా చేతులు పనిచేయవు." ఇక్కడ పక్కటెముకలను తీసేసి "నీ గుండెలోని ప్రేమ" అని అనువదిస్తే వైద్యుడి చెయ్యి ఎముకల దగ్గర ఆగిపోయిన దృశ్యం పోతుంది. అదే కవితలో ఇంకోచోట, ఖతా అనే ఎడారి పిట్ట రెక్కతో తన కబిద్‌కు వేలాడుతూ కొట్టుకుంటున్నట్టుందంటాడు. గుండె కొట్టుకోవడం అందరూ చెప్తారు. పొట్టలో పిట్ట కొట్టుకోవడం వేరు.

3. గుండెకు ఏం జరుగుతోందో క్రియ పట్టుకోండి

అసలు పని ఇదే. బైత్‌లో గుండె దగ్గరున్న క్రియకు గీత పెట్టి, ఆ పని మామూలు జీవితంలో ఎవరు చేస్తారో పక్కన రాయండి. వేటగాడా, జూదరా, యుద్ధఖైదీని కాపలా కాసేవాడా, ఇంటి యజమానా?

ముఅల్లఖా అని పిలిచే ఇమ్రుల్ ఖైస్ ప్రసిద్ధ ఖసీదాలోని ఈ బైత్‌తో మొదలుపెట్టండి. అరబ్బీ విద్యార్థులకు ఇది కంఠస్థం.

"నీ కళ్లు నీళ్లు పెట్టుకున్నది ఎందుకో తెలుసు:
చచ్చిపడిన ఈ గుండె ముక్కల్లోకి నీ రెండు బాణాలూ వేయడానికే."

పైపైన చూస్తే రెండు కళ్లు, రెండు బాణాలు, పగిలిన గుండె. ఇలా చదివినా తప్పు కాదు. పాత వ్యాఖ్యాతల్లో ఒక వర్గం ఇలాగే చదివింది, గుండెను ముక్కలైన కుండతో పోల్చింది. కానీ ఇంకో వర్గం "ముక్కలు" అన్న మాట దగ్గర ఆగింది. అఆషార్ అంటే పదో వంతులు కూడా. ఆనాటి అరబ్బులు మైసిర్ అనే జూదం ఆడేవాళ్లు. ఒక ఒంటెను కోసి పది వాటాలు వేసేవాళ్లు. ఈకలూ మొనలూ లేని బాణపు పుల్లలను సంచిలో కలిపి బయటికి తీసేవాళ్లు. గెలిచే పుల్లలు ఏడు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు దాకా వాటాలు. ముఅల్లా అనే పుల్లకు ఏడు, రఖీబ్ అనేదానికి మూడు. ఈ రెండూ ఒకరికే పడితే ఒంటె మొత్తం వాళ్లదే.

ఇప్పుడు బైత్‌ను మళ్లీ చదవండి. ఆమె దగ్గరున్నవి "రెండు బాణాలు". గుండె కోసి వాటాలు వేసిన మాంసం. ఆమె ఒక్క చూపుతో పదికి పది ఎత్తుకుపోయింది. మొదటి పద్ధతిలో ఆమె వేటగత్తె, రెండో పద్ధతిలో జూదంలో గెలిచింది. నాకు రెండోదే నచ్చుతుంది, ఎందుకంటే దాంట్లో ఆమె కన్నీళ్లు కూడా ఆటలో ఎత్తుగడే అవుతాయి. దీనికి కాస్త ముందే కవి అడిగిన ప్రశ్న కూడా ఇటే మొగ్గు చూపుతోంది: "నీ ప్రేమ నన్ను చంపుతోందని, నువ్వేం చెప్పినా ఈ గుండె చేస్తుందని, అదేనా నీ ధీమా?" ఓడిపోయేవాడికి ఎదుటివాడి చేతిలో ఏముందో ముందే తెలుసు.

ఖైదీగా గుండె. కఆబ్ ఇబ్న్ జుహైర్ కవిత "బానత్ సుఆద్" మొదటి బైత్: "సుఆద్ వెళ్లిపోయింది. నా గుండె ఈరోజు జబ్బుపడింది, ఆమె వెనకే బానిసైపోయింది, విడుదల సొమ్ము కట్టేవాళ్లు లేక సంకెళ్లలో ఉంది." తెగల మధ్య దాడుల్లో పట్టుబడినవాళ్లను ఒంటెలో సొమ్మో ఇచ్చి విడిపించుకునే ఆచారం ఉండేది. "సొమ్ము కట్టలేదు" అన్న చిన్న ముక్క అక్కడిదే. ఈ కవిత చదివిన సందర్భం తెలిస్తే ఆ ముక్క ఇంకా బరువెక్కుతుంది. ప్రవక్తను, ఇస్లాంను ఎగతాళి చేసినందుకు కఆబ్ ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. మదీనాకు వచ్చి, క్షమాభిక్ష కోసం ప్రవక్త ముందే దీన్ని చదివాడు. విడుదల కాని గుండె అని ప్రియురాలి పేరు మీద మొదలెట్టిన మనిషి, తన విడుదల కోసమే నిలబడి ఉన్నాడు. ప్రవక్త తన పైవస్త్రం తీసి అతనికి కప్పాడని సంప్రదాయం చెబుతుంది.

పిట్టగా గుండె. ఇది మజ్నూన్ పేరు మీద ప్రసిద్ధం:

"పొద్దున్నో సాయంత్రమో లైలాను తీసుకెళ్లిపోతారని తెలిసిన ఆ రాత్రి
నా గుండె ఉచ్చులో పడ్డ ఖతా పిట్ట.
రెక్క చిక్కుకుని రాత్రంతా లాగుతూనే ఉంది."

తర్వాతి బైత్‌లో ఆ పిట్టకు గూట్లో రెండు పిల్లలున్నాయి, గాలి ఆ గూటిని కొడుతోంది. ఇక్కడ ఏ పిట్ట అన్నది ముఖ్యం. ఖతా పావురమంత ఉండే ఎడారి పక్షి. దారి తప్పదని పేరు, "ఖతా కంటే బాగా దారి తెలిసినవాడు" అని అరబ్బీలో సామెత. ఈ జాతి పక్షులు దూరంగా ఉన్న నీళ్ల దగ్గరికి ఎగిరి వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి పిల్లల దాహం తీరుస్తాయి. అంత దారి తెలిసిన పిట్టే ఉచ్చులో పడింది, అవతల ఎదురుచూసే నోళ్లున్నాయి. కవి గుండె కొట్టుకుంటోందని చెప్పడానికి ఏ పిట్టయినా సరిపోయేది. ఎడారిలో పుట్టినవాడు కాబట్టి ఖతానే పట్టుకున్నాడు.

ఇక ఇల్లు. దీన్ని వరసగా నాలుగు పద్యాల్లో చదివితే ఒక ప్రయాణం కనిపిస్తుంది. మొదటిది మజ్నూన్ పేరు మీదిదే: "ప్రేమంటే తెలియకముందే ఆమె ప్రేమ వచ్చింది. ఖాళీగా ఉన్న గుండె దొరికింది, పాతుకుపోయింది." అంటే ఎవరూ లేని ఇంట్లో ఎవరో చొరబడి కూర్చున్నారు. రెండోది 9వ శతాబ్దపు అబూ తమ్మామ్‌ది: "గుండెను ఎన్ని ప్రేమల మీదికైనా తిప్పు, ప్రేమంటే మొదటి మనిషిదే. మనిషి భూమ్మీద ఎన్ని నివాసాలకు అలవాటు పడినా బెంగ ఎప్పుడూ మొదటి ఇంటి మీదే." ఇక్కడ గుండె ఇల్లు కాదు, ఇళ్లు మారే మనిషి.

మూడోది 10వ శతాబ్దపు ముతనబ్బీది. డేరాలు ఎత్తేసిన చోటు ముందు నిలబడి ఆ చోటుతోనే అంటాడు: "ఓ నివాసాల్లారా, గుండెల్లో మీకు నివాసాలున్నాయి. మీరు పాడుబడ్డారు, అవి మాత్రం మీతో నిండి ఉన్నాయి." వందల ఏళ్లుగా ఇసుకలో ఉన్న పాత మకాం ఒక్క బైత్‌తో ఛాతీలోకి వచ్చేసింది. ఖసీదాల మొదటి పాదాల్లోని ఏడుపు అంతా తెలిసినవాడు మాత్రమే చేయగల చమత్కారమిది. ఆ నేపథ్యం తెలియకపోతే మాటల గారడీలా అనిపిస్తుంది.

నాలుగోది కొర్దోబాలో పుట్టిన ఇబ్న్ హజమ్‌ది (994–1064). ప్రేమ మీద అతను రాసిన "తౌఖుల్ హమామా" అనే గ్రంథానికి ఈరోజు మిగిలిన రాతప్రతి ఒక్కటే, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. అందులో ఇలా కోరుకుంటాడు: గుండెను కత్తితో చీల్చి, నిన్ను లోపల పెట్టి, మళ్లీ ఛాతీలో మూసేస్తే బాగుండు. ప్రళయం దాకా ఇంకెక్కడికీ పోవు. నేను బతికినన్నాళ్లూ అందులో ఉంటావు, చస్తే సమాధి చీకట్లో గుండె పొర లోపల కాపురముంటావు. ఇంటికి తలుపు లేదు, కత్తిగాటే తలుపు. ముద్దుగా మొదలైన కోరిక చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇది తెలిసే రాశాడని నా అభిప్రాయం.

నిప్పు గురించి ఎక్కువ చెప్పను, అది ప్రతి కవిలోనూ ఉంది. ఒక్క ఇబ్న్ జైదూన్‌ను చూడండి. యువరాణి వల్లాదాకు దూరమయ్యాక రాసిన పెద్ద కవితలో అతను నిప్పు పేరే ఎత్తకుండా మంటను చూపించాడు: "మీరు వెళ్లిపోయారు, మేమూ దూరమయ్యాం. మా పక్కటెముకలు తడవలేదు, మా కనుకొలకులు ఆరలేదు." లోపలంతా ఎండ, బయటంతా వాన. క్రియలు రెండే: తడవకపోవడం, ఆరకపోవడం.

4. గుండె ఎవరి పక్షమో చూడండి

నగర కవుల దగ్గరికి వచ్చేసరికి గుండెకు సొంత బుద్ధి పుడుతుంది. అది కవి మాట వినదు. ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలపు బాగ్దాద్ కవి అల్ అబ్బాస్ ఇబ్న్ అల్ అహ్నఫ్ అంటాడు: "నాకు చేటు చేసేదాని వైపే నా గుండె నన్ను పిలుస్తుంది, రోగాలూ నొప్పులూ పెంచుతుంది. శత్రువు నా పక్కటెముకల మధ్యే ఉంటే అతన్నుంచి ఎలా కాచుకోను?" ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు అనేది ఇదే. ఉర్వా పద్యంలో పక్కటెముకలు జబ్బును దాచిన పెట్టె. ఇక్కడవే శత్రువుకు కోట.

ఇలాంటి పద్యాల్లో పాత్రలను పేపరు మీద రాసుకుంటే తేలికవుతుంది: నేను, గుండె, కన్ను, ఆమె, తప్పుపట్టే జనం. ఎవరు ఎవరికి ఏం చేరవేస్తున్నారో బాణం గుర్తులు గీయండి. మామూలుగా కన్ను చూస్తుంది, గుండె శిక్ష అనుభవిస్తుంది. బస్రా కవి బష్షార్ ఇబ్న్ బుర్ద్ పుట్టుగుడ్డి. అతను ఈ దారినే మార్చేశాడు: "ఈ తెగలో ఒకామె మీద నా చెవి మనసు పడింది. ఒక్కోసారి కంటి కంటే ముందే చెవి ప్రేమిస్తుంది. చూడని మనిషి కోసం పలవరింతలా అన్నారు. చెవి కూడా కన్ను లాంటిదే, ఉన్నది ఉన్నట్టు గుండెకు చేర్చుతుంది అన్నాను."

5. "నువ్వు" ఎవరు?

ప్రేమ భాషలో ఉన్నదంతా ప్రేమ కవిత కాదు. ముతనబ్బీ ప్రసిద్ధ కవిత ఒకటి ఇలా మొదలవుతుంది: "అయ్యో నా గుండె మంట, గుండె చల్లబడ్డవాడి వల్ల!" ఇది ప్రియురాలి మీద అలక కాదు. అలెప్పో పాలకుడు సైఫుద్దౌలా మీద అలక. దాదాపు తొమ్మిదేళ్లు అతని కొలువులో ఉండి, అసూయపరుల మాటలు విన్నాడని కవి దర్బారులోనే నిలదీశాడు. వేడి గుండె, చల్లని గుండె అన్న ప్రేమికుల భాష లేకపోతే రాజును ఇంత సూటిగా అనడం కష్టం.

సూఫీ కవుల దగ్గర ఈ ప్రశ్న ఇంకా జారుతుంది. కైరో కవి ఇబ్న్ అల్ ఫారిద్ (మరణం 1235): "నువ్వే నన్ను నాశనం చేస్తావని నా గుండె నాకు చెబుతోంది. నీకు తెలిసినా తెలియకపోయినా నా ప్రాణం నీకే." దేవుడికా, మనిషికా? తొందరపడి ఏదో ఒకటి తేల్చకండి, రెండు రకాలుగానూ చదివి చూడండి. ఇంకో సూఫీ కవి ఇబ్న్ అరబీ "తర్జుమానుల్ అష్వాఖ్" అనే కవితా సంపుటిలోని బైతులూ అంతే: నా గుండె ఏ రూపాన్నైనా తీసుకోగలదైంది, జింకలకు మేత బీడు, క్రైస్తవ సన్యాసులకు మఠం, విగ్రహాలకు గుడి, ప్రదక్షిణ చేసేవాడికి కాబా, తౌరాత్ (యూదుల ధర్మగ్రంథం) పలకలు, ఖురాన్ ప్రతి. సర్వమత సమానత్వం అని పోస్టర్ల మీద అచ్చేసేవాళ్లు జింకలను వదిలేస్తారు. జింక అంటే అరబ్బీ ప్రేమ కవిత్వంలో ప్రియురాలు. జాబితాలో ముందు నిలబడింది ఆమే. ఇవి మామూలు ప్రేమ కవితలేనని జనం వేలెత్తి చూపితే, కవే కూర్చుని వాటికి ఆధ్యాత్మిక వ్యాఖ్యానం రాశాడు. ముందు పద్యం, తర్వాత ఆ వ్యాఖ్యానం చదవండి. వరస తిప్పితే జింకలు మాయమైపోతాయి.

6. పేర్లను పూర్తిగా నమ్మకండి

ఎడారి కవితలు చాలాకాలం నోటి మీద నడిచి తర్వాత పుస్తకాలకెక్కాయి. ఉచ్చులో పిట్ట పద్యం మజ్నూన్ పేరుతో పాటు వేరే కవుల పేర్ల మీదా కనిపిస్తుంది. అసలు మజ్నూన్ అనే మనిషి ఉన్నాడా అన్న సందేహాన్ని పాటలనూ కవుల కథలనూ పోగుచేసిన 10వ శతాబ్దపు "కితాబుల్ అగానీ"యే నమోదు చేసింది. అందుకే కవి జీవితకథను పద్యానికి తాళంచెవిగా వాడకండి. కఆబ్ లాంటి చోట సందర్భం సాయపడుతుంది. మజ్నూన్ దగ్గర కథే పద్యాల్లోంచి అల్లినది కావచ్చు.

అరబ్బీ కొంచెం వచ్చినవాళ్లకు ఒక సంగతి. హైదరాబాద్‌లో 1888లో మొదలై, ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ పాత అరబ్బీ గ్రంథాలను సరిచూసి అచ్చు వేయడంలో ప్రపంచానికి తెలిసిన సంస్థ. పాత పద్యాల్లోని కష్టమైన భావాలను విషయాలవారీగా విప్పిచెప్పే ఇబ్న్ ఖుతైబా "కితాబుల్ మఆనీ అల్ కబీర్"ను 1949లో అచ్చేసింది వాళ్లే. మైసిర్ లాంటి సంగతుల దగ్గర ఆగిపోయినప్పుడు అలాంటి పుస్తకాలు, ఇబ్న్ మన్జూర్ "లిసానుల్ అరబ్" నిఘంటువు దారి చూపిస్తాయి.

7. చివరగా, తెలుగులో పెట్టి చూడండి

అర్థమైందో లేదో తేల్చే పరీక్ష ఇదే, ప్రచురించక్కర్లేదు. బాణం, ఉచ్చు, కత్తి, సంకెళ్లు తగిలేచోట "గుండె" వేయండి. చెప్పిన మాట వినే చోట, మొండికేసే చోట "మనసు" నప్పుతుంది. "హృదయం" దగ్గర జాగ్రత్త, శుభలేఖల్లోనూ పాటల్లోనూ నలిగి దానికి ఒళ్లంటూ లేకుండా పోయింది, కత్తి దిగదు. కబిద్ వస్తే ఇంకా ఇబ్బంది. కాలేయం అంటే స్కానింగ్ రిపోర్టు, కార్జం అంటే మటన్ షాపు. చాలాచోట్ల కడుపో పేగులో వాడితేనే పని జరుగుతుంది.

ఇంకో చిక్కు: అరబ్బీలో "నీ కళ్లు" అనగానే ఆడమనిషా మగమనిషా తెలిసిపోతుంది. తెలుగు "నువ్వు"లో తెలియదు. ఇమ్రుల్ ఖైస్ దగ్గర దానివల్ల కొంత పోతుంది, చుట్టుపక్కల ఎక్కడైనా "పిల్లా" అనో పేరు పెట్టో పూడ్చాలి. ఇబ్న్ అల్ ఫారిద్ దగ్గర మాత్రం మన "నువ్వు" వరమే. మూలంలో మగవాడికి వాడే రూపం ఉంది కాబట్టి అరబ్బీ పాఠకుడికి దేవుడో, పురుషుడో, ఆనవాయితీ ప్రకారం మగ రూపంలో పిలిచిన స్త్రీయో అన్న లెక్క ఉంటుంది. తెలుగులో ఆ లెక్క కూడా అక్కర్లేకుండా ప్రశ్న మొత్తం తెరిచే ఉంటుంది. అందుకే మొదటి ప్రయత్నానికి ఆ ఒక్క బైత్ తీసుకోండి, తర్వాత ఉచ్చులో పిట్ట, ఆ తర్వాతే ఇమ్రుల్ ఖైస్ రెండు బాణాలు. జూదం, వేట రెండూ ఒకే వాక్యంలో నిలబెట్టాలి కాబట్టి అది అన్నిటికంటే కష్టం.